మీరు వెళ్ళి రండి, నేనుంటాను

మన ఆడవాళ్ళ నోట్లోంచి ఆలోచించకుండానే వచ్చేసే మాట ఒకటుంది. "మీరు వెళ్ళి రండి, నేనుంటాను." పుష్కరాలకి వెళ్తే ఒడ్డున బట్టల దగ్గర కాపలా ఉండేది మనమే. పాపికొండల లాంచీ ఎక్కితే, అందరూ పైన నిలబడి గోదారి చూస్తుంటే కింద నిద్రపోతున్న పిల్లాడి పక్కన కూర్చునేదీ మనమే. కొండపల్లి ఖిల్లాకి వెళ్తే కింద చెట్టునీడ వెతుక్కుని సంచులన్నీ చుట్టూ పెట్టుకునేదీ మనమే. ఇందులో ఎవరి బలవంతమూ ఉండదు. ఎవరూ అడక్కముందే మనమే అనేస్తాం. అన్నాక ఇంకెవరూ కాదనరు. కాదనడానికి వాళ్ళకి కారణమూ కనపడదు.

ఈ మాట అనడం మనం మానెయ్యాలని నా అభిప్రాయం. ముఖ్యంగా పిల్లల పురుళ్ళకి అమెరికా వెళ్ళే అమ్మలు.

మా తిరువూరులో ఇప్పుడు ఏ వీధిలో చూసినా అమెరికా వెళ్ళొచ్చిన అమ్మలు ఒకరిద్దరుంటారు. గోంగూర పచ్చడి, కందిపొడి, కరివేపాకు కారం, వాము, శొంఠి సర్దుకుని వెళ్తారు. ఆరు నెలలు ఉంటారు. తిరిగొచ్చాక "ఏం చూశారు వదినా?" అంటే కూరగాయల షాపు, వెంకటేశ్వరస్వామి గుడి, ఇంటి వెనక పెరడు చెప్తారు. ఇంకేమైనా చూశారా అంటే, "వాళ్ళు వెళ్ళొచ్చారు, నేను పిల్లాడి దగ్గరున్నాను" అంటారు. ఇరవై గంటలు విమానంలో కాళ్ళు వాచేలా కూర్చుని వెళ్ళింది ఒక వంటింట్లోంచి ఇంకో వంటింట్లోకి.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మా వియ్యపురాలు మొన్న ఒక పెళ్ళిలో నలుగురి మధ్య నవ్వుతూ అన్న మాట. "మావాడి చేతికి పసిపిల్లాణ్ణిచ్చి మీరు నిప్పుల కొండ చూసొచ్చారట కదా వదినగారూ!" ఆవిడ చెడ్డమనిషి కాదు. మా అమ్మాయిని కన్నకూతురిలా చూసుకుంటారు. కానీ ఆ నవ్వులో ఒక చిన్న ముల్లుంది. అక్కడున్న ఆడవాళ్ళు కూడా నా సమాధానం కోసం నా మొహం వంక చూశారు. పెళ్ళిపందిట్లో చెప్పగలిగినంత చెప్పాను. మిగతాది ఇక్కడ చెప్తాను.

2022 ఆగస్టులో మా అమ్మాయి రెండో కాన్పుకి మావారూ నేనూ కాలిఫోర్నియా వెళ్ళాం. తిరుగు ప్రయాణానికి పది రోజుల ముందు, 2023 జనవరి చివర్లో, అమ్మాయీ అల్లుడూ మమ్మల్ని హవాయి తీసుకెళ్ళారు. కాలిఫోర్నియా నుంచి ఐదు గంటల పైన విమానం, అంతా పసిఫిక్ సముద్రం మీదే. ఆ దీవుల్లో అన్నిటికంటే పెద్దదాన్ని బిగ్ ఐలాండ్ అంటారు. అక్కడే ఉంది హవాయి అగ్నిపర్వతాల జాతీయ పార్కు. 1916లో పెట్టారు. 1987లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. అందులో బతికున్న అగ్నిపర్వతాలు రెండు. మౌనా లోవా 4,169 మీటర్ల ఎత్తు. 38 ఏళ్ళు నిద్రపోయి, మేము వెళ్ళడానికి రెండు నెలల ముందే ఓసారి లేచి మళ్ళీ పడుకుంది. రెండోది కిలౌయా. ఎత్తు తక్కువ, కోపం ఎక్కువ. మేము వెళ్ళిన నెలలోనే, జనవరి 5న మళ్ళీ మొదలైంది.

పార్కు అంటే మన విజయవాడ పార్కుల్లాంటిది అనుకోకండి. దాదాపు 1,350 చదరపు కిలోమీటర్లు. కారుకి 30 డాలర్లు కడితే ఏడు రోజులు ఎన్నిసార్లయినా లోపలికి వెళ్ళొచ్చు. రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. చాలా చోట్లకి కారు వెళ్తుంది, కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నా చూడగలిగినంత చూడొచ్చు.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. ఆ కొండలోంచి గంధకం వాయువులు వస్తుంటాయి. ఊపిరితిత్తుల జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణీలు, పసిపిల్లలు ఆ పొగ తగిలే చోట్లకి పోవద్దని అక్కడి బోర్డుల మీద రాసి ఉంటుంది. మా మనవడికి ఐదు నెలలు. అంటే ఎవరో ఒకరు పిల్లాడితో దూరంగా ఉండాలి. ఇప్పుడు ఆ మాటకి మంచి కారణం కూడా దొరికింది! అమ్మమ్మ ఉండగా ఇంకెవరు ఉంటారు? మావారు అప్పటికే కెమెరా మెడలో వేసుకుని కారు దిగి నిలబడ్డారు. పిల్లాడి దగ్గర ఎవరుండాలన్న ప్రశ్న ఆయన మనసులోకే రాలేదు. నలభై ఏళ్ళుగా రావలసిన అవసరం నేను రానివ్వలేదు.

నేను నోరు తెరిచేలోపు అల్లుడే అన్నాడు. "అత్తయ్యగారూ, మీరూ తనూ వెళ్ళండి. బాబు నా దగ్గరుంటాడు. మీరొచ్చాక నేను వెళ్తాను." అమ్మాయి పాలసీసా, డైపర్ల సంచీ అతని చేతికిచ్చింది. అంతే. పెద్ద చర్చేమీ జరగలేదు. ఇంట్లో కూడా వాళ్ళిద్దరూ అలాగే ఒకరి తర్వాత ఒకరు చేసుకుంటారు. వింతగా చూసింది నేనూ మావారూ మాత్రమే.

వెళ్ళి ఏం చూశానో చెప్పాలి కదా. ముందు ఆవిర్లు. నేలలో పగుళ్ళుంటాయి. వానపడితే ఆ నీరు కిందికి ఇంకి, లోపలి వేడి రాళ్ళకి తగిలి, ఆవిరై పైకి వస్తుంది. పెద్ద ఇడ్లీపాత్ర మూత తీసినట్టు మొహానికి కొడుతుంది. నేల లోపల అంత వేడి కాబట్టి అక్కడ పెద్ద చెట్లు వేళ్ళు దింపలేవు, గడ్డీ పిచ్చి మొక్కలే ఉంటాయి. పక్కనే గంధకం గుట్టలు. రాళ్ళ మీద పసుపు రాసినట్టు పచ్చగా పొర కట్టి ఉంటుంది. వాసన మాత్రం కుళ్ళిన గుడ్డు వాసనే. ఆరేళ్ళ మనవరాలు ముక్కు మూసుకుని నవ్వింది. ఆ పొగ పిల్లకీ మంచిది కాదని నిమిషం కూడా అక్కడ నిలవకుండా తాతయ్య దాన్ని వెనక్కి తీసుకెళ్ళిపోయారు. ఆయనకీ ఒక వంతు వచ్చిందన్నమాట.

సాయంత్రం బిలం చూడ్డానికి వెళ్ళాం. కిలౌయా శిఖరం మీద పెద్ద పళ్ళెంలాంటి గుంట, అందులో ఇంకా లోతైన గుంట. దాని పేరు హలేమావుమావు. 2018లో ఈ కొండ లోపలి లావా పక్కకి పారిపోయి, దూరంగా ఊళ్ళ మధ్య నేల చీల్చుకుని పైకొచ్చింది. ఏడు వందలకి పైగా ఇళ్ళు పోయాయి. ఇక్కడ శిఖరమేమో కుంగిపోయి గుంట ఎన్నో రెట్లు లోతైంది. 2019లో ఆ గుంట అడుగున నీళ్ళు ఊరాయి. ఏడాదిన్నరలో అదొక చెరువైంది. 2020 డిసెంబరు 20 రాత్రి మళ్ళీ లావా వచ్చి ఆ చెరువునంతా మరిగించి ఆవిరి చేసేసింది. కాగిన బాణలిలో నీళ్ళు పడితే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడ ఓ చెరువంత నీళ్ళు!

ఆ చూసే చోటికి కారు దిగి మైలు దూరం నడవాలి, రానూ పోనూ మూడు కిలోమీటర్ల పైన. పాత తారురోడ్డే, ఎక్కుడు పెద్దగా లేదు. నా నడక నేను నడిచాను, అమ్మాయి నా పక్కనే నడిచింది. చీకటి పడేసరికి దూరంగా బిలంలో లావా సరస్సు కనపడింది. పగలైతే నల్లటి పొరే. చీకట్లో ఆ పొర మీద ఎర్రటి గీతలు. కుంపట్లో బొగ్గుల మీద బూడిద పట్టి, ఎవరో విసనకర్రతో ఒక్కసారి విసిరితే లోపలి నిప్పు ఎలా వెలుగుతుందో అలా. ఆ గీతలు కదుల్తుంటాయి. ఒకచోట పొర మునిగిపోతుంది, ఇంకోచోట కొత్తది తేలుతుంది. నేలంటే కదలనిదని మనకి లెక్క. అక్కడ నేల తయారవుతూ కనిపించింది.

పక్కన నిలబడ్డ వాళ్ళెవరూ గట్టిగా మాట్లాడలేదు, గుళ్ళో ఉన్నట్టే ఉన్నారు. హవాయి వాళ్ళకి అది నిజంగా గుడే. పెలే అనే అగ్నిదేవత అక్కడుంటుందని వాళ్ళ నమ్మకం. సముద్రదేవత అయిన అక్కతో తగాదాపడి పెలే దీవి దీవికీ పారిపోతూ, ఒక్కోచోట నిప్పుకోసం గుంట తవ్వి, చివరికి ఇక్కడ స్థిరపడిందట. తమాషా ఏమిటంటే శాస్త్రం కూడా అదే వరస చెప్తుంది. పాత దీవులు వాయవ్యంలో ఉన్నాయి, అన్నిటికంటే కొత్తది ఈ బిగ్ ఐలాండ్. అక్కచెల్లెళ్ళ తగువులో భూగర్భశాస్త్రం దాచిపెట్టారు పెద్దవాళ్ళు! మనకి పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి ఎలాగో వాళ్ళకి పెలే అలాగ. కొబ్బరికాయ కొట్టాలని నాకూ అనిపించింది. కానీ అక్కడ తినేవి, పెట్టేవి వదిలి వెళ్ళొద్దంటారు, రాయి కూడా ఇంటికి తెచ్చుకోకూడదు. చేతులెత్తి దండం పెట్టుకున్నాను. అమ్మవారికి అది చాలు.

ఆ నిప్పుకొండ దగ్గరికి ఆడవాళ్ళు వెళ్ళడం కొత్తేమీ కాదు. 1824లో కపియోలానీ అనే స్థానిక నాయకురాలు, పెలే కోపానికి చచ్చిపోతావని జనం వద్దంటున్నా వినకుండా ఆ బిలంలోకి దిగి తిరిగొచ్చింది. 1873లో ఇసబెల్లా బర్డ్ అనే ఇంగ్లీషావిడ వచ్చింది. నలభై దాటిన మనిషి, చిన్నప్పటి నుంచీ వెన్నునొప్పి. మగవాళ్ళలా గుర్రానికి రెండు పక్కలా కాళ్ళు వేసుకుని స్వారీ చేస్తూ దీవంతా తిరిగి, కిలౌయా చూసి పుస్తకం రాసింది. మనకి రోడ్డుంది, కారుంది, పక్కన పట్టుకోవడానికి కూతురుంది.

మేము వెనక్కి వచ్చేసరికి అల్లుడు బాబుని భుజాన వేసుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. బాబు నిద్రపోతున్నాడు. నేను వాణ్ణి అందుకున్నాను, అల్లుడు మావారితో కలిసి ఇంకోసారి చూడ్డానికి వెళ్ళాడు. ఎవరికీ ఏమీ నష్టం జరగలేదు. మా వియ్యపురాలికి నేను చెప్పింది కూడా అదే. "మీ అబ్బాయిని మీరు ఎంత బాగా పెంచారో అక్కడ చూశాను వదినగారూ. ఈసారి మీరు వెళ్ళినప్పుడు మీ వంతు కూడా వాడే ఎత్తుకుంటాడు, మీరు చూసి రండి." ఆవిడ ఏమీ అనలేదు. కాసేపాగి మాత్రం "అక్కడ చలి ఎక్కువగా ఉంటుందా?" అని అడిగారు.

దీనికి ఎదురుగా వచ్చే మాటలు నాకు తెలుసు. మొదటిది, మనవణ్ణి చూసుకోవడం బరువా అని. కానే కాదు. ఆ ఆరు నెలలూ వాడికి నలుగు పెట్టి నీళ్ళు పోసి, సాంబ్రాణి వేసిన చేతులివి. ఆ సంతోషం ఎవరికీ ఇవ్వను. కానీ ప్రేమగా చేసే పనికీ ఓ గంట సెలవుంటుంది. రెండోది డబ్బు దండగ అని. తల్లిదండ్రులిద్దరికీ విమానం టిక్కెట్లు కొని, ఇన్సూరెన్సు కట్టి పిలిపించుకున్న పిల్లలకి, వీలుంటే ఇంకో మూడు రోజుల ఖర్చు దండగ ఎలా అవుతుంది? వీలు లేకపోతే దగ్గర్లో చూసేవి బోలెడుంటాయి, వాటికి తీసుకెళ్ళమనండి. మూడోది, కూతురింట్లో చెల్లుతుంది గానీ కొడుకింట్లో కోడల్ని ఎలా అడుగుతామని. ఇది నిజమైన ఇబ్బంది, నేను తేలిగ్గా తీసెయ్యను. అందుకే కోడళ్ళకీ కూతుళ్ళకీ ఒక మాట. "అత్తయ్యా, వస్తారా?" అని అడక్కండి. అలా అడిగితే మాకు వచ్చే జవాబు ఒకటే, "మీరు వెళ్ళి రండి" అని. "అత్తయ్యా, మొదట మీరు చూస్తారా, నేను చూడనా?" అని అడగండి. అప్పుడు తప్పించుకోలేం.

నిజంగానే ఇష్టంలేని వాళ్ళుంటారు. ఇంటిపట్టున పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని పడుకుంటేనే హాయి అనిపిస్తే అది వాళ్ళిష్టం, వాళ్ళనెవరూ లాక్కెళ్ళకూడదు. నా బాధంతా ఇష్టమున్నా ముందే వెనక్కి తగ్గే వాళ్ళ గురించి.

వెళ్ళేవాళ్ళకి నాలుగు సంగతులు. శిఖరం 1,200 మీటర్ల ఎత్తులో ఉంది. హవాయి అనగానే ఎండ అనుకుంటాం గానీ రాత్రి స్వెట్టర్ లేకపోతే వణుకే. వాన ఎప్పుడైనా వస్తుంది. చీరైనా సరే, కాళ్ళకి మాత్రం బూట్లుండాలి. చెప్పులతో ఆ లావా రాళ్ళ మీద నడవొద్దు. టార్చి, మంచినీళ్ళు, తినడానికి పులిహోరో చపాతీలో దగ్గరుంచుకోండి, లోపల తిండి దొరికే చోట్లు తక్కువ. ఆయాసం, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ముందు డాక్టర్ని అడగండి. కంచె దాటి ఎవరైనా ఫొటో తీసుకుంటుంటే మీరు దాటకండి, అంచుల్లో నేల విరిగి పడుతుంది. ఇంకోటి, కొండ మన సెలవుల్ని బట్టి మండదు. 2024 డిసెంబరు 23న మళ్ళీ మొదలై విడతలు విడతలుగా లావా ఎగజిమ్మింది. విడత విడతకీ మధ్య రోజుల తరబడి ఊరుకుంటుంది. అమెరికా భూగర్భ సర్వే వాళ్ళు ఆ వివరాలు తమ వెబ్‌సైట్లో పెడతారు, పిల్లలతో చూపించుకుని బయల్దేరండి. మంటలు లేని రోజు వెళ్ళినా ఆవిర్లూ, లావా పారి ఖాళీ అయిన సొరంగమూ, చల్లారిన నల్లటి లావా మీద మొదటగా మొలిచే ఓహియా చెట్లూ, వాటి ఎర్రటి పూలూ ఉంటాయి.

అమెరికాలో పిల్లలు లేనివాళ్ళు ఇదంతా మనకెందుకు అనుకోవద్దు. మన దేశంలో బతికున్న అగ్నిపర్వతం అండమాన్‌లో బారెన్ దీవి. పోర్ట్ బ్లెయిర్‌కి, అంటే ఇప్పటి శ్రీ విజయపురానికి, సుమారు 135 కిలోమీటర్లు. మనుషులుండరు, దిగనివ్వరు, ఓడలోంచే చూడాలి. అండమాన్‌లో మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. అంత దూరం కూడా వద్దంటే రాజమండ్రి వైపు వెళ్ళేటప్పుడు గౌరీపట్నం, పంగిడి దగ్గర నల్లరాతి క్వారీలు చూడండి. అది దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందటి లావా. పడమటి కనుమల వైపు నుంచి అక్కడిదాకా పారి వచ్చిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెప్తారు. మన రోడ్ల మీద పరిచే నల్ల కంకర్లో ఆ చల్లారిన నిప్పు ఎంతుందో!

హవాయి అయినా, పాపికొండలైనా, రేపు పొద్దున్న పక్కూరు జాతరైనా నేను చెప్పేది ఒకటే. సంచుల దగ్గర ఎవరో ఒకరు ఉండాల్సి వస్తే వంతులేసుకోండి. మొదటి వంతు ఒక్కసారైనా ఇంకెవరికైనా ఇవ్వండి.